కుంకుడుకాయలు కొట్టువారెవరు?

ధ్యానించవలసిన భాగములు: సంఖ్యాకాండము 11:4-6, యిర్మీయా 2:22, యోహాను 21:9-13



కోతపండుగకు ముందు వచ్చిన ఆదివారమున మేము గృహమును గూర్చి ఒక ప్రసంగము చేసితిమి. ఏ కాలమునకు తగిన కూరను ఆ కాలమున దేవుడు ఇచ్చుచుండగా మనము అంగడికి పరుగెత్తుట ఎందుకని అడిగితిమి. పెరటిలో నిమ్మచెట్టు, పొయ్యిలో బూడిద, అటకమీద కుంకుడుకాయలు ఉండగా రంగునీళ్ల సీసాలకు రూపాయలు పోయుట దుబారా అని గట్టిగానే చెప్పితిమి. పెద్దలు తలలూపిరి. మాకును సంతోషమే కలిగెను. ఆరాధన ముగిసిన తరువాత స్త్రీల సమాజములో అందరికంటె పెద్దదైన ఒక విధవరాలు గుడి మెట్లమీద మమ్మును ఆపి, "అయ్యగారూ, మంచి మాట చెప్పినారు. మరి కుంకుడుకాయలు కొట్టేదెవరు?" అని అడిగెను.

మేము నవ్వితిమి. ఆమె నవ్వలేదు. తన రెండు చేతులు చాపి, "బూడిదతో అంట్లు తోమి తోమి ఈ వేళ్లు పగిలిపోయినాయి. నా కోడలు పొద్దంతా కలుపుకు పోయి వచ్చి, పది రూపాయల సబ్బుబిళ్లతో నాలుగు గిన్నెలు కడుక్కుంటే అది దుబారానా అయ్యగారూ?" అనెను.

ఆ పూట మాయొద్ద జవాబు లేకపోయెను. ఇంటికి పోయి భోజనమునకు కూర్చుంటిమి. పళ్లెములో మునగాకు వేపుడు ఉండెను. దానిని దూసినది ఎవరో, ఎంతసేపు దూసెనో అప్పటివరకు మేము ఒక్కనాడైనను అడిగి యుండలేదు.

మేము ప్రసంగములో చెప్పినదంతయు తప్పని ఇప్పుడు చెప్పబోము. ఎండలు ముదురకముందు చింతచిగురు వచ్చును. తొలకరి పడిన కొద్ది వారములకే గట్లమీద చెంచలికూర, గలిజేరు లేచును. వాటిని ఎవరును విత్తలేదు, ఎవరును నీరు కట్టలేదు. వానకాలమున వాక్కాయ, సంక్రాంతి నాటికి చిక్కుడు, పచ్చి కందికాయ. ఈ వరుసను మన తల్లులు పంచాంగము చూడకయే ఎరుగుదురు. 2023 జూలైలో టమాట ధర కిలో నూరు రూపాయలు దాటి ఇంకను పైకి పోయినప్పుడు పట్టణములవారు తల్లడిల్లిరి గాని, గోంగూరయు చింతపండును ఉన్న ఇంటిలో పప్పునకు పులుపు తక్కువ కాలేదు. అదే యేడు సెప్టెంబరులో ధర కూలిపోయి, కర్నూలు జిల్లా పత్తికొండ ప్రాంతపు రైతులు పండిన టమాటలను పారబోసుకొనిరి. రెండు నెలల ఎడములో కొన్నవాడును ఏడ్చెను, అమ్మినవాడును ఏడ్చెను. కాలమునుబట్టి వండుకొను ఇంటికి ఈ రెండు ఏడ్పులనుండి కొంత విడుదల కలదని మేము ఇప్పటికిని నమ్ముచున్నాము.

అయితే ఆ ప్రసంగములోనే మేము సంఖ్యాకాండము పదకొండవ అధ్యాయమును ఎత్తి చూపితిమి. అరణ్యములో ఇశ్రాయేలీయులు మన్నాను విసికి, ఐగుప్తులోని కీరకాయలను, ఉల్లిగడ్డలను, వెల్లుల్లిని తలంచుకొని ఏడ్చిరి. లేని కూరను కోరి ఉన్న కూరను త్రోసివేయువారు వీరేయని చెప్పితిమి. విధవరాలి మాట విన్న తరువాత ఆ భాగమును మరల చదువగా వేరొక సంగతి కంటబడినది. అక్కడ వారు చేపలను ఊరకనే తింటిమని చెప్పుకొనుచున్నారు. ఊరకనేనా! ఇటుకల లెక్క ఏమైనది? మంటిలో పిసికిన చేతులు, వీపుమీది దెబ్బలు ఏమైనవి? ధర డబ్బుగా చెల్లింపలేదు గనుక ధరయే లేదనుకొనిరి. మేమును పీఠమెక్కి, గట్టుమీది కూర ఊరకనే వచ్చును, బూడిద ఊరకనే వచ్చును అని చెప్పితిమి గదా. మా మాటకును వారి మాటకును భేద మేమి?

మన సంఘములలో స్త్రీలు ప్రతిపూట ఎసట్లో బియ్యము పోయకముందు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసి ఆదివారము తెచ్చుచున్నారు. మా పోషణలో కొంత ఆ పిడికెడు బియ్యమే. దానినికూడ మేము ఇన్నాళ్లు సంఘపు కానుక అనియే పిలిచితిమి. ఆ పూట ఎవరి పళ్లెములో ఒక ముద్ద తగ్గెనో లెక్క చూచినవారము కాము.

కాబట్టి ఆ వారము మా ఇంటి పని కొంత మేమే చేసి చూడదలచితిమి. మొదట మునగాకు. ఒక పూట కూరకు చాలినంత ఆకు దూయుటకు గంటసేపు పట్టెను. చాటెడు ఆకు మూకుడులో పడిన తరువాత గుప్పెడాయెను. ఆ తరువాత కుంకుడుకాయలు. పది పండ్రెండు కాయలను రాతితో కొట్టి, గింజలు ఏరివేసి, రాత్రి నానవేసి, తెల్లవారి శేరున్నర నీళ్లలో అరగంట మరగించి, చల్లారిన పిదప పిసికి వడగట్టవలెను. పిసుకుచుండగా నురుగు కంటిలో పడి మేము చాలసేపు ఏడ్చితిమి. పిల్లలకు అది మంచి వేడుక. ఆ రసము గిన్నెలకును, నేలకును, పట్టుబట్టలకును, ఉన్నిబట్టలకును చక్కగా పనిచేయును. కాని రెండు మూడు దినములకే పులిసి వాసన కొట్టును గనుక కొంచెము కొంచెముగానే చేసికొనవలెను. కుంకుడు నీళ్లను చేపలున్న కుంటలో పారబోయరాదు. ఆ నురుగు చేపలకు విషము.

శనివారమున మాకు ధైర్యము ఎక్కువై, పండుగకు గుడి నేలను కూడ మేమే శుభ్రము చేసెదమనుకొంటిమి. ఇత్తడి కానుకపళ్లెమును చింతపండును ఉప్పును కలిపి తోమగా బంగారమువలె మెరసెను. పులుపు చిలుమును కరగించును. ఆ వెలుగు చూచి, మిగిలిన చింతపండు పులుసులో నాలుగు నిమ్మకాయలు పిండి ప్రసంగపీఠము ముందరి నేలమీద పోసి రుద్దితిమి. మా గుడిలో పరచినవి బేతంచెర్ల రాళ్లు. అవి సున్నపురాతి జాతివి. పులుపు తగిలిన సున్నపురాయి పైపొర కరగిపోవును. నేల ఆరిన తరువాత చూడగా అరచేతులంత తెల్లని మచ్చలు! ఎంత కడిగినను పోలేదు. అవి అంటిన మురికి కావు, రాయి తిన్న దెబ్బ.

ఇంటిలో చేసినదంతయు మేలైనదని చెప్పుటకు ఆనాటినుండి మాకు నోరు రాదు. ఎలీషా దినములలో కరవు వచ్చినప్పుడు ప్రవక్తల శిష్యులలో ఒకడు పొలమునకు పోయి, తాను ఎరుగని అడవికాయలను ఒడినిండ కోసికొని వచ్చి కుండలో తరిగెను. తినువారు కుండలో మరణమున్నదని కేకలు వేసిరి. ఉమ్మెత్త ఆకుకూడ దేవుని నేలమీద మొలచినదే. అంగడి సరకుల విషయములోను ఒక్క హెచ్చరిక చెప్పి ముందుకు పోయెదము: మరుగుదొడ్డి కడుగు యాసిడ్‌ను బ్లీచింగ్ పౌడరుతో ఎన్నడును కలుపకుడి. ఆ రెండును కలిసినచో పుట్టు వాయువు ఊపిరితిత్తులను కాల్చును, ప్రాణమే తీయగలదు.

ఇక సబ్బును గూర్చి. సబ్బుబిళ్లను విలాసమని పిలిచినప్పుడు మేము మన తాతల సంగతి మరచితిమి. ఊరి బావిలో చేద వేయుటకు మన పెద్దలకు హక్కులేని దినములు కలవు. ఎవరైనను జాలిపడి పోసిన నీళ్లతో, బూడిదతో, చవుటిమన్నుతో వారు శుభ్రమైరి. అయినను మురికివారని పిలువబడిరి. అటువంటి ఇంటిలోనికి మొదటిసారి వచ్చిన సబ్బుముక్క వట్టి సబ్బుముక్క కాదు. ఆదివారపు తెల్లచొక్కా వట్టి చొక్కా కాదు. ఈనాడు పట్టణములలో కుంకుడు రసమునే సీసాలలో పోసి, సహజమైనదని పేరు వ్రాసి, మంచి ధరకు అమ్ముచున్నారు. కలిగినవారు కోరి బూడిదకు తిరిగి వచ్చుట ఒకటి. బూడిద తప్ప మరి యేమియు ఎరుగక బ్రతికినవారిని మరల బూడిదకే పొమ్మనుట మరియొకటి. మొదటిది మెచ్చదగినదే కావచ్చును. రెండవదానిని చెప్పుటకు బోధకునికి అధికారము ఎక్కడిది?

యిర్మీయా రెండవ అధ్యాయములో ప్రవక్త రెండు వస్తువులను పేర్కొనుచున్నాడు. హెబ్రీ మూలములో ఒకటి నెతెరు. అది నేలనుండి తీయు క్షారము, మన చవుడు వంటిది. రెండవది బోరీతు, అది మొక్కల బూడిదనుండి వచ్చు క్షారము. అనగా ప్రవక్త చేతిలోనున్నవి మన అవ్వల చేతిలోనున్న వస్తువులే. అంగడి సరకు కాదు, కల్తీ కాదు, నేలయు మొక్కయు ఇచ్చినవి. వాటితో ఎంత రుద్దుకొన్నను దోషపు మరక దేవుని యెదుట నిలిచియే యున్నదని ఆయన చెప్పుచున్నాడు. ఈ మాట యెరూషలేమునకు చెప్పబడినది గాని, మేము దానిని గుడి నేలమీద మోకరించి, మచ్చలను రుద్దుచు తలంచుకొంటిమి. సబ్బు మానినవాడు ఆ మానుటవలన నీతిమంతుడు కాడు. సబ్బు కొన్న స్త్రీ ఆ కొనుటవలన పాపాత్మురాలు కాదు. పరుల శ్రమను చూపి తాను మితవ్యయము బోధించువాని మరక మాత్రము నిలిచి యుండును.

మన ప్రభువు ఇంటిపనిని గూర్చి ప్రసంగము చేసినట్లు మాకు కనబడలేదు. ఆయన నడుమునకు తువాలు కట్టుకొని పళ్లెములో నీళ్లు పోసెను. పునరుత్థానుడైన తరువాత తిబెరియ సముద్రపు ఒడ్డున, రాత్రియంతయు వలలు లాగి అలసిన శిష్యులు గట్టెక్కులోపల, నిప్పులు రాజవేసి చేపలు కాల్చి రొట్టె సిద్ధపరచి వారిని భోజనమునకు పిలిచెను. ఆ నిప్పులను ఊదినది ఎవరు? బొగ్గులు ఏరినది ఎవరు? యోహాను వ్రాయలేదు. అక్కడ ఇంకెవరును కనబడరు.

కోతపండుగ గడచిన మరుసటి ఆదివారమున, దుబారా అన్న మాటను అదే పీఠమునుండి వెనుకకు తీసికొంటిమి. ఇంటిలో చేయదలచినవారు చేసికొనుడి, అయితే చేయుమని చెప్పువాడు రాయి తన చేతికి తీసికొనవలెను అని చెప్పితిమి. పెద్దలలో ఒకరు లేచి, "అయితే అయ్యగారూ, మగవాళ్లం కూర్చుని ఆకులు దూయాలా?" అని అడిగిరి. స్త్రీల వైపున గట్టిగా నవ్వు వినబడెను. ఆ ప్రశ్నను సంఘ కమిటీ ఇంకను తేల్చలేదు. మా ఇంటిలో మాత్రము శుక్రవారపు రాత్రి కుంకుడుకాయలు కొట్టు పని మాది. అంట్లకు సబ్బుబిళ్లయే కొనుచున్నాము.

విధవరాలు ఇప్పుడు ప్రతి ఆదివారము ముందు వరుసలో కూర్చుండుచున్నది. పీఠము ముందరి మచ్చలపై చాప వేయించెదమని మేము అనగా ఆమె వద్దనెను. "ఉండనీండయ్యగారూ, మీరు కడిగిన నేల గదా" అనెను.