పెదవుల్లో పుట్టే స్వరం

ట్రంపెట్‌లో శబ్దం ఎక్కడ పుడుతుంది? మెరిసే ఇత్తడి గొట్టంలో కాదు, వాయించేవారి పెదవుల్లో. ఊపిరి మధ్యగా దూసుకెళ్తుంటే అవి కంపిస్తాయి. గొట్టంలోని గాలి ఆ కంపనాన్ని నాదంగా నిలబెడుతుంది.

సైనికుల బ్యూగిల్‌కు మీటలే ఉండవు. పెదవుల బిగువు, ఊపిరి వేగం మార్చి స్వరాలన్నీ పలికించాల్సిందే. ట్రంపెట్‌కు మూడు మీటలున్నా, ఒక్కో మీట మీద అనేక స్వరాలు పలుకుతాయి. ఏది రావాలో తేల్చేది పెదవే.

అందుకే గురువులు పాట కన్నా ముందు పెదవి పట్టు నేర్పుతారు. మూతి కొసలు గట్టిగా, మధ్యభాగం మెత్తగా ఉండాలి. పై స్వరం అందకపోతే కొత్తవారు వాద్యాన్ని మూతికేసి అదుముతారు. దాంతో పెదవికి రక్తప్రసరణ తగ్గుతుంది, కంపనం మందగిస్తుంది, స్వరం బిగుసుకుపోతుంది. దీనికి విరుగుడు నిదానమైన సాధన: ఒకే స్వరాన్ని సన్నగా ఎత్తుకుని, పెంచి, మళ్లీ తగ్గించడం. మధ్యమధ్య విశ్రాంతి తప్పనిసరి.

జాజ్ దిగ్గజం లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్‌కు ఈ కష్టం బాగా తెలుసు. పెదవి గాయాలతో 1930లలో ఆయన కొంతకాలం ట్రంపెట్‌ను పక్కన పెట్టాల్సి వచ్చింది. వాద్యకారుల్లో మూతి చుట్టూ ఉండే కండరం చిరిగితే దాన్ని 'సాచ్‌మో సిండ్రోమ్' అంటారు. సాచ్‌మో ఆయన ముద్దుపేరే.

బుగ్గలు పూరించకూడదన్నది మరో పాఠం. మరో జాజ్ ట్రంపెట్ దిగ్గజం డిజ్జీ గిలెస్పీ మాత్రం బుగ్గలు బూరెల్లా పొంగించే ప్రపంచాన్ని ఉర్రూతలూగించాడు!

పెళ్లి ఊరేగింపుల్లో గంటల తరబడి ఊదే మన బ్యాండు మేళం కళాకారులకూ ఈ జాగ్రత్తలే పనికొస్తాయి. పై స్వరాల భాగాన్ని ఇద్దరు వంతులు వేసుకుంటే ఒకరు వాయిస్తుండగా మరొకరి పెదవి తేరుకుంటుంది.