భరతుడి లేడి, ధర్మరాజు కుక్క

అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రం, ఒక పల్లె శివారు. ఆరెకరాల స్థలం, అందులో సగం ఓక్ చెట్ల అడవి. రెండు కుక్కలు: బీగిల్ జాతి లడ్డూ, ఏ జాతో తేలని భైరవ. అక్టోబరు మొదటివారం, ఆకులు రంగు మారుతున్నాయి. ఇల్లు మేనకోడలిది. తెనాలి నుంచి వచ్చిన మేనమామ బడిలో తెలుగు చెప్పి రిటైరయ్యాడు. మీ అడవిలో విల్లుతో జింకను వేటాడనిస్తారా అని పొరుగాయన అడిగి వెళ్లాడు. ఆమె ఇంకా ఏమీ చెప్పలేదు. మాటలు అక్కడ మొదలయ్యాయి.

మావయ్య: ఇందులో ఆలోచించడానికేముందే? వద్దంటే సరిపోయేది. పొద్దున నేను కాఫీ తాగుతుంటే అయిదు జింకలొచ్చి రాలిన ఓక్ కాయలు ఏరుకు తింటున్నాయి. ముని ఆశ్రమంలో కూర్చున్నట్టుంది నాకు.

అమ్మాయి: ఆశ్రమంలో లేడిపిల్లను పెంచినాయన గతేమైందో చిన్నప్పుడు నువ్వే చెప్పావు.

మావయ్య: భరతుడు. రాజ్యం వదిలి గండకీ తీరంలో తపస్సుకు కూర్చున్నాడు. సింహగర్జనకు బెదిరి నిండుచూలాలు లేడి ఏటిమీదుగా దూకింది. పిల్ల నీళ్లలో పడింది, తల్లి ప్రాణం విడిచింది. ఆ పిల్లను ఎత్తుకొచ్చి పెంచాడు. పోయేముందు ధ్యాసంతా దానిమీదే. మరుజన్మలో లేడై పుట్టాడు.

అమ్మాయి: మరి ధర్మరాజు? హస్తినాపురం నుంచి వెంట నడిచొచ్చిన కుక్కను వదిలేసి రథమెక్కమని ఇంద్రుడంటే, అలాగైతే స్వర్గమే వద్దన్నాడు. ఆ కుక్కే ధర్మదేవత అయింది. ఒకాయన జంతువును పట్టుకుంటే పతనం, ఇంకొకాయన పట్టుకుంటే పరీక్ష నెగ్గినట్టు. ఏమిటీ లెక్క?

మావయ్య: భరతుడిది మమకారం, ధర్మరాజుది కర్తవ్యం.

అమ్మాయి: అది నీ పదో తరగతి పిల్లలు రాసే జవాబు. కొట్టుకుపోతున్న పసికూనను తీయడం కర్తవ్యం కాదా?

మావయ్య: తీయడం కర్తవ్యమే. తర్వాత సంగతి చూడు. పెరిగిన లేడి ఏనాటికైనా అడవికి పోవాల్సిందే. అది కాసేపు కనపడకపోతే ఆయన అల్లాడిపోయాడు. ధర్మరాజు కుక్కను పిలవలేదు, కట్టెయ్యలేదు. అదే వచ్చింది, ఈయన్నే నమ్ముకుంది. నమ్ముకున్నదాన్ని దారిలో వదలనన్నాడు, అంతే.

అమ్మాయి: ఈ జవాబు నచ్చింది. కుక్క మనల్ని నమ్ముకుని నిన్నామొన్నా రాలేదు. జర్మనీలోని ఓబర్‌కాసెల్‌లో 1914లో ఒక సమాధి బయటపడింది. దాదాపు 14 వేల ఏళ్ల నాటిది. ఒక మగమనిషి, ఒక ఆడమనిషి, వాళ్లతో ఒక కుక్క. అది పిల్లగా ఉన్నప్పుడే పెద్ద జబ్బు చేసిందని, మనుషులు సాకకపోతే అన్నాళ్లు బతికేది కాదని ఎముకలూ పళ్లూ చూసినవాళ్లు రాశారు. వ్యవసాయం ఇంకా పుట్టని కాలం మావయ్యా! వేటకు పనికిరాని కుక్కపిల్లకు ఎవరో తిండి పెట్టారు. ఈ లడ్డూకు తిరిగి వెళ్లడానికి అడవంటూ లేదు. జింకకుంది. అది మనతో ఏ ఒప్పందమూ చేసుకోలేదు.

మావయ్య: కుక్కకు చేరువ బాకీ, జింకకు దూరం బాకీ అంటావు.

అమ్మాయి: ఈ కాలంలో ఆ దూరం కాపాడటమే నాకు పని. సెప్టెంబరులో మగజింకల కొమ్ముల మీది మెత్తటి తోలు ఊడిపోయింది. ఇప్పుడవి కొమ్ములతో లేతచెట్ల బెరడు గీరుతున్నాయి. పగటివేళ తగ్గేకొద్దీ వాటి ఒంట్లో మార్పొస్తుంది. నవంబరు నడిమికి జత కోసం పగలూ రాత్రీ తిరుగుతాయి, కార్లకు అడ్డంపడేదీ అప్పుడే ఎక్కువ. ఆ వాసనకి లడ్డూ నిలవదు. కుక్క జింకను తరమడం ఈ రాష్ట్రంలో చట్టరీత్యా తప్పు. అందుకే తాడు విప్పను. వేటగాళ్లు పొరబడకుండా రెండింటికీ నారింజరంగు కోటు తొడుగుతాను.

మావయ్య: సాయంత్రంపూట వాటి చెవులు, కాళ్ల సందులు వెతుకుతుంటావు, పేలు చూసినట్టు?

అమ్మాయి: పిడుదుల కోసం. చలి మొదలయ్యాక ముదురు పిడుదులు జింకలనెక్కి రక్తం తాగుతాయి. జింక దొరక్కపోతే కుక్కో, నువ్వో, నేనో. లైమ్ జబ్బు వాటివల్లే వస్తుంది. కనెటికట్‌లోని లైమ్ ఊరి పేరే దానికి పెట్టారు. ఆ సూక్ష్మజీవి పిడుదుకు ఎక్కువగా ఎలుకల నుంచి అంటుతుంది, జింక నుంచి కాదు. కానీ పిడుదుల సంతతి పెరిగేది జింక రక్తంతోనే. విచిత్రమేమిటంటే దానికి కుక్కలకు టీకా ఉంది. మనుషులకున్న టీకా అమ్మకాన్ని 2002లో ఆపేశారు.

మావయ్య: అయితే తేలిపోయిందిగా! జింకకు దూరంగా ఉండు. పొరుగాయన్నీ దూరంగా ఉండమను.

అమ్మాయి: దూరంగా ఉంటే చేతులకు ఏమీ అంటదనుకుంటే అలాగే అనేదాన్ని. అడవిలోకి వచ్చి చూడు. పెద్ద ఓక్ చెట్లున్నాయి, నడుమెత్తు ఓక్ మొక్క ఒక్కటీ లేదు. కిందంతా ఫెర్న్ మొక్కలే, ఎందుకంటే జింకలు వాటిని ముట్టవు. నువ్వు చూసిన అయిదూ ఆ చెట్లకు వారసులు లేకుండా చేస్తున్నాయి.

మావయ్య: జింకలు ఇవాళ కొత్తగా పుట్టాయా? ఇన్నాళ్లూ అడవి ఎలా పెరిగింది?

అమ్మాయి: తోడేళ్లు ఉండేవి. 19వ శతాబ్దం పూర్తయ్యేసరికి ఇక్కడ వాటిని లేకుండా చేశారు. జింకలనూ దాదాపు అలాగే చేశారు. ఎంతగా అంటే, 20వ శతాబ్దం మొదట్లో వేరే రాష్ట్రాల నుంచి జింకలను కొని తెచ్చి వదిలారు. జింక తిరిగొచ్చింది, తోడేలు రాలేదు. ఇక్కడి నక్కలాంటి కయోటీలు, ఎలుగులు పిల్లల్ని కొన్నిటిని తింటాయి గానీ చాలదు. ఆల్డో లియోపోల్డ్ అని అటవీ అధికారి ఉండేవాడు. తోడేళ్లు తగ్గితే జింకలు పెరుగుతాయి, వేటగాళ్లకు స్వర్గమని నమ్మి, కుర్రతనంలో ఒక తోడేలును కాల్చాడు. దాని కళ్లలో ఆరిపోతున్న వెలుగు చూశాక ఆ నమ్మకం సడలింది. జింక తోడేలుకు భయపడ్డట్టే కొండ జింకకు భయపడుతుందని తర్వాత రాశాడు. ఆయన 1948లో పోయాడు, ఆ వ్యాసమున్న పుస్తకం మరుసటేడు వచ్చింది.

మావయ్య: బాగుంది. కానీ మనిషి తోడేలు కాలేడు. తోడేలు ఆకలికి చంపుతుంది, కుంటిదాన్నీ రోగిష్ఠిదాన్నీ ముందు పడుతుంది. మనిషి గోడకు తగిలించుకోవడానికి పెద్దకొమ్ములున్నదాన్ని ఏరతాడు.

అమ్మాయి: అందుకే కొమ్ములున్నది వద్దంటాను. ఆడజింకనైతేనే సరేనంటాను. మంద పెరగడం తరగడం వాటిమీద ఆధారపడుతుంది.

మావయ్య: ఆడదాన్నా! తల్లిని?

అమ్మాయి: మే, జూన్‌లలో పుట్టిన పిల్లలు ఈపాటికి పాలు మానేశాయి. ఒంటిమీద చుక్కలు కూడా పోయాయి.

మావయ్య: పాండురాజు కథ నువ్వు మర్చిపోయావు. కిందముడనే ముని జింక రూపంలో జతతో కలిసుండగా కొట్టాడు. ముని ఏమన్నాడు? రాజులు జింకలను వేటాడటాన్ని తప్పుపట్టనన్నాడు, జతకట్టే వేళ కొట్టడం క్రూరమని శపించాడు. మీవాళ్ల వేట కూడా ఆ వేళలోనే కదా? ఒళ్లు మరిచి తిరిగేటప్పుడైతే సులువుగా దొరుకుతాయి.

అమ్మాయి: ఇది నాకు తట్టలేదు మావయ్యా. సరే, ఇంకో షరతు. ఈ నెలాఖరుతో ఆఖరు. నవంబరులో నా అడవిలోకి విల్లు రాకూడదు.

మావయ్య: ఇప్పుడు నాకు భరతుడి సంగతి ఇంకోలా కనిపిస్తోంది. ఆయన తప్పు ప్రేమించడం కాదు. ఒక్క లేడినే చూశాడు, అది బతకాల్సిన అడవినీ మందనూ చూడలేదు. ధర్మరాజుకు చూడాల్సింది ఆ ఒక్క కుక్కనే, ఎందుకంటే దానికి ఈయన తప్ప ఇంకేమీ లేదు. కుక్కను ఒక్కదాన్నిగా చూడాలి, జింకను అడవితో కలిపి చూడాలి. నువ్వనేది ఇదేగా?

అమ్మాయి: నాకంటే బాగా చెప్పావు.

మావయ్య: చెప్పాను గానీ ఒప్పుకోలేదు. బాణం మందకు తగలదు తల్లీ, ఒక్క లేడికి తగులుతుంది. దాని ప్రాణం దానికి ఒక్కటే. అడవి కోసమన్న మాట దానికి అర్థం కాదు, కానక్కర్లేదు కూడా.

అమ్మాయి: దానికి నా దగ్గర సమాధానం లేదు. కంచె వేసి కొంత అడవిని కాపాడొచ్చు, అప్పుడు ఆకలితో పక్కవాళ్ల తోటలోకి పోతాయి. ఏమీ చెయ్యకపోతే ఓక్ చెట్లు ఒక్కొక్కటే పోతాయి. ఏది ఎంచుకున్నా ఏదో ఒకటి చస్తుంది. అందుకే పొరుగాయనతో నేనూ వెళ్తాను. నేను సరేనన్నందుకు చచ్చేదాన్ని చూడకుండా ఇంట్లో కూర్చోను. కుక్కలు నీ దగ్గరుంటాయి.

మావయ్య: వెళ్లు. కానీ ఒకటడుగుతాను. మొదటిసారి గుండె కలుక్కుమంటుంది. రెండోసారి, మూడోసారి అలవాటై ఏమీ అనిపించకపోతే?

అమ్మాయి: ఆ ఏడాది నుంచి ఆయనకు వద్దని చెబుతాను. లెక్క సరైనదే అయినా సరే, చంపడం తేలికైపోయిన మనిషి ఆ లెక్క వెయ్యకూడదు.