పూటకూళ్ళవాని వంతు

మంచి సమరీయుని ఉపమానం (లూకా 10) చదివినప్పుడల్లా మనం సమరీయుణ్ణి పొగుడుతాం, యాజకుణ్ణీ లేవీయుణ్ణీ తప్పుపడతాం. ఆ కథలో ఇంకొకడున్నాడు. వాణ్ణి గురించి ప్రసంగం చేసే గురువులు అరుదు. వాడే పూటకూళ్ళవాడు. సమరీయుడు కట్లు కట్టి, ఒక రాత్రి కనిపెట్టుకుని ఉండి, మర్నాడు రెండు దీనారాలు చేతిలో పెట్టి తన దారిన వెళ్ళాడు. గాయపడినవాడు మాత్రం అక్కడే ఉండిపోయాడు. ఎన్నాళ్ళున్నాడో, రాత్రుళ్ళు ఎన్నిసార్లు కేకలు పెట్టి లేచాడో సువిశేషంలో లేదు.

మన చట్టానికి కూడా ఈ సమరీయుడు తెలుసు. ప్రమాదంలో పడినవాణ్ణి ఆస్పత్రికి చేర్చినవారిని వేధించకూడదన్న మార్గదర్శకాలకు సుప్రీంకోర్టు 2016లో ఆమోదం తెలిపింది. 2019లో మోటారు వాహనాల చట్టంలో 134-ఏ సెక్షన్ చేరింది. చట్టం వాడిన మాట కూడా ‘గుడ్ సమరిటన్’ అనే. మన రాష్ట్రంలో 108 బండ్లు 2005 నుంచి తిరుగుతున్నాయి. ఐదో నెంబరు రోడ్డని మనమింకా పిలుచుకునే 16వ జాతీయ రహదారి మీద తల పగిలినవారిలో కొందరైనా సకాలంలో ఆపరేషను బల్ల దాకా చేరుతున్నారు. దేవునికి స్తోత్రం. ఆ తర్వాత? ఇంటికి తెచ్చాక పూటకూళ్ళవాడి వంతు భార్యదో, తల్లిదో అవుతుంది. ఆమెకు రెండు దీనారాలిచ్చేవాడు కూడా ఉండడు.

కాలు విరిగితే ఊరంతా చూస్తుంది. మెదడుకు తగిలిన దెబ్బ కంటికి కనబడదు. మనిషి నడుస్తాడు, మాట్లాడతాడు, అన్నం తింటాడు. కానీ పొద్దున చెప్పింది మధ్యాహ్నానికి ఉండదు. చిన్నమాటకే కోపం కట్టలు తెంచుకుంటుంది. లేచి పని మొదలుపెట్టమంటే మొదలుపెట్టలేడు. చూసేవాళ్ళు సోమరితనం అంటారు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను లెక్కించింది గానీ, తలదెబ్బ అన్న పేరుతో వేరే గడి అందులో లేదు. మంచానికే పరిమితమైన ప్రమాద బాధితులకు మన రాష్ట్రం 2024లో పింఛనును నెలకు 15,000 రూపాయలు చేసింది. మంచిదే. కాళ్ళూ చేతులూ ఆడుతూ బుద్ధి నిలకడ తప్పినవాడు ఆ గుమాస్తా ముందు నిలబడితే, వాడి కష్టాన్ని ఏ కొలతతో కొలవాలి?

ఇలాంటి ఇళ్ళలో ఆడవారి నోట ఒక మాట వస్తుంది. “ఈయన మా ఆయన కాదు ఫాదర్. ఆ మనిషి ఆ రోడ్డు మీదనే పోయినాడు.” దుఃఖంలో అన్న మాటని తోసేయకండి. అది పెద్ద తాత్విక ప్రశ్న. 17వ శతాబ్దపు జాన్ లాక్ మనిషిని అదే మనిషిగా నిలిపేది స్మృతి, చైతన్యం అన్నాడు. ఆయన లెక్కన ఈమె చెప్పింది అక్షరాలా నిజం కావచ్చు. పునీత తోమాసు అక్వినాసు దారి వేరు. ఆత్మ దేహానికి రూపం. ఒక శక్తి పనిచేయనంత మాత్రాన స్వభావం పోదు. నిద్రలో ఉన్నవాడు ఆలోచించడు, అయినా వాణ్ణి మనిషి కాదని ఎవరంటారు?

నేను తోమాసు పక్షమే. అయితే ఇక్కడ ఒక మోసం జరుగుతుంది. “అదే మనిషి, అదే వివాహం, కాబట్టి నువ్వు భరించాలమ్మా” అని ఆమెకు చెప్పి మనం ఇంటికి పోతాం. అతను అదే మనిషైతే ఆమెకు మాత్రమే అదే మనిషా? మనతో జ్ఞానస్నానం పొందిన అదే సోదరుడు కాదా? పాలెంలో ఒకే బోటెక్కిన అదే జతగాడు కాదా? వివాహ బంధం నిలిచిందని వాదించే నోటితోనే విచారణ బంధం కూడా నిలిచిందని ఒప్పుకోవాలి. ఒరిజెను, అగస్టీను వంటి పూర్వపు వేదపండితులు ఆ పూటకూళ్ళ ఇంటిని శ్రీసభకు గుర్తుగా చెప్పారు. ఆ ఇల్లు మనదైతే, ఒక్క స్త్రీ చేత రాత్రింబవళ్ళు కాపలా కాయించడం ఏమి న్యాయం?

ఇంకొక మాట స్పష్టంగా చెప్పాలి. బుద్ధి వశం తప్పినవాడు చేయి చేసుకుంటే పాపభారం తగ్గుతుంది, కొన్నిసార్లు ఉండనే ఉండదు. కానీ అతనికి దోషం లేదు కాబట్టి ఆమె దెబ్బలు తినాలని కాదు. భాగస్వామి వల్ల తీవ్ర ప్రమాదం ఉన్నప్పుడు, బంధం నిలిచి ఉండగానే వేరుగా ఉండవచ్చని శ్రీసభ చట్టం 1153వ కానను చెబుతుంది. పిల్లలతో పుట్టింటికి వెళ్ళినదాన్ని గుడి మెట్ల మీద నిలబెట్టి ప్రశ్నించేవారు ఇది తెలుసుకోవాలి.

అమెరికాలోని వెర్మాంట్‌లో 1848లో ఫినియాస్ గేజ్ అనే రైలుదారి మేస్త్రి తలలోంచి ఇనుపగడ దూసుకుపోయింది. బ్రతికాడు గానీ, మునుపటి గేజ్ కాడని ఎరిగినవారన్నారు. పాఠ్యపుస్తకాలు చాలావరకు అక్కడే ఆగిపోతాయి. తర్వాత అతను చిలీ దేశంలో కొన్నేళ్ళపాటు గుర్రపు కోచి తోలాడు. రోజూ అదే దారి, అదే వేళ, అవే పనులు. ఆ క్రమమే అతణ్ణి చాలావరకు నిలబెట్టిందని తర్వాతి పరిశోధకులు భావించారు. ఆరోగ్యం చెడ్డాక శాన్ ఫ్రాన్సిస్కోలో తల్లి దగ్గరకు చేరి 1860లో మరణించాడు. ఆ తల్లి గురించి పాఠ్యపుస్తకాలు ఏమీ చెప్పవు.

మైపాడు నుంచి జువ్వలదిన్నె దాకా మన తీరంలో అలాంటి క్రమం గల పనికి కొదవ లేదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట ఉండదు. వలలు బాగుచేసే కాలం. వేళ్ళకు అలవాటైన పని మాట కంటే ఆలస్యంగా పోతుంది. రోజూ అదే చెట్టు కింద, అదే నలుగురి మధ్య కూర్చోబెట్టి, తప్పిన కన్నును ఎగతాళి లేకుండా చూపించేవాడు ఒకడుంటే చాలు. అతను అక్కడున్న రెండు గంటలు ఆమె నిద్రపోతుంది. పాలెం పెద్దలు దురాయి వేస్తే ఊరంతా కట్టుబడుతుంది కదా. ఈ రెండు గంటల విషయంలో ఒక దురాయి వేయలేరా?

సమరీయుడు తిరిగి వస్తానని, ఎక్కువైన ఖర్చు ఇస్తానని పూటకూళ్ళవాడికి మాటిచ్చాడు. మనం ప్రమాదమైన వారం పళ్ళు పట్టుకుని వెళ్ళాం. అప్పటి నుంచి ఆ స్త్రీ ఆదివారం పూజకు రావడం లేదని ఉపదేశి నాకు చెబుతున్నాడు. రాదు, భర్తను ఒంటరిగా వదిలి ఎలా వస్తుంది? ఇక మీదట మొదటి పూజ విన్నవారిలో ఇద్దరు, రెండో పూజ జరిగినంతసేపు ఆ ఇంట్లో కూర్చోవాలని మరియదళంవారిని అడిగాను. మగవారు కూడా పేర్లు ఇవ్వవచ్చు.