పాలకుని ప్రశ్నించుటయు ధర్మమే

శ్రీమద్భాగవతము చతుర్థ స్కంధమున వేనుని చరిత్ర కలదు. ధ్రువుని వంశమున జన్మించిన అంగమహారాజునకు వేనుడు పుత్రుడు. బాల్యముననే క్రూరుడై తోడి బాలురను హింసించుచుండెను. కొడుకు దుశ్శీలమునకు విసిగిన అంగుడు ఒక రాత్రి ఎవరికిని చెప్పక ఇల్లు విడిచి పోయెను. రాజు లేని రాజ్యమున దొంగలు చెలరేగుదురను భయముచే, భృగ్వాది మహర్షులు అనర్హుడని యెరిగియు వేనునకే పట్టము గట్టిరి.

అధికారము లభించినంతనే వేనుడు మదాంధుడయ్యెను. యజ్ఞము, దానము, హోమము ఎవరును చేయరాదని భేరి మ్రోగించి చాటించెను. ఒకవైపు దొంగలు, మరొకవైపు రాజు! రెండు కొనలను నిప్పంటుకొనిన కట్టె నడుమ చిక్కిన చీమలవలె ప్రజలు తల్లడిల్లిరి.

అప్పుడు మహర్షులు చేసిన ఆలోచన ప్రతి గృహస్థుడును మననము చేయదగినది. వారు మొదట తమ బాధ్యతనే తలచుకొనిరి. ఇతనిని సింహాసనమున కూర్చుండబెట్టినది తామే; ఇతని పాపము తమ్ము అంటకుండవలెనన్న ముందుగా హితము చెప్పవలెను అని నిశ్చయించిరి. కోపమును లోలోపల అణచుకొని, వేనుని సమీపించి మృదువుగా పలికిరి. దుష్టులైన మంత్రులనుండియు, చోరులనుండియు ప్రజలను రక్షించినవాడే పన్ను గ్రహించుటకు అర్హుడని బోధించిరి. వేనుడో, సకల దేవతలును రాజు శరీరముననే యున్నారు, తన్నే పూజింపుడని గర్జించెను. హితము చెవికెక్కని పిమ్మటనే మహర్షులు హుంకారముచే అతనిని కూల్చిరి.

నేటి ప్రజలకు ఆ హుంకారము లేదు. దాని స్థానమున రాజ్యాంగమున్నది. రాజ్యాంగమును ఉల్లంఘించిన రాష్ట్రపతిని సైతము తొలగించు విధానమును 61వ అధికరణము చెప్పుచున్నది. మంత్రిమండలి లోక్‌సభకు సమష్టిగా బాధ్యత వహింపవలెనని 75వ అధికరణము శాసించుచున్నది.

ఈ కట్టడికి 1975లో గొప్ప పరీక్ష యెదురయ్యెను. ఎన్నికలో ప్రభుత్వోద్యోగుల సహాయము పొందిరను కారణముచే, నాటి ప్రధాని శ్రీమతి ఇందిరాగాంధీ 1971లో గెలిచిన ఎన్నిక చెల్లదని అలహాబాదు ఉన్నత న్యాయస్థానము జూన్ 12న తీర్పు చెప్పెను. జూన్ 25న అత్యవసర పరిస్థితి ప్రకటింపబడెను. ఎందరో ప్రతిపక్ష నాయకులు విచారణ లేకయే చెరసాలల పాలైరి. పత్రికల నోరు కట్టబడెను. ప్రధాని ఎన్నికను న్యాయస్థానములు విచారింపరాదని రాజ్యాంగమునే 39వ సారి సవరించిరి. మారిన ఎన్నికల చట్టమును బట్టి ఆమె ఎన్నికను నిలిపినను, ఈ సవరణలోని ఆ భాగమును మాత్రము సర్వోన్నత న్యాయస్థానము నవంబరు 7న కొట్టివైచెను. ఎంతటి పాలకుడైనను విచారణకు అతీతుడు కాడని దీని తాత్పర్యము. 1977 మార్చిలో ఓటర్లు ఆ ప్రభుత్వమును దించిరి. 1980లో మరల ఆమెకే అధికారమిచ్చిరి. లెక్క అడుగుట పగ కాదనుటకు ఇంతకన్న నిదర్శనమేమి కావలెను?

అయితే దించుటతోనే పని ముగియదు. వేనుడు కూలిన వెంటనే దొంగలు దేశమును దోచిరి. మహర్షులు వేనుని బాహువులను మథింపగా పృథు చక్రవర్తి ఆవిర్భవించెను. చెడిన దానినుండియే మంచిని మథించి తీయవలెను. 1978లో చేసిన 44వ సవరణ అట్టి మథనమే. అత్యవసర పరిస్థితిలోనైనను ప్రాణరక్షణ హక్కును అడుగుటకు న్యాయస్థానముల తలుపులు మూయరాదని అది కట్టడి చేసెను.

పట్టాభిషేక సమయమున వందిమాగధులు స్తుతింపబోగా పృథువు వారిని వారించెను. తన గుణములింకను లోకమునకు వెల్లడి కాలేదు, స్తుతింపదగినవాడు శ్రీహరియే అనెను. ప్రజలకు ధర్మము నేర్పక పన్ను మాత్రము పిండుకొను రాజు వారి పాపమును అనుభవించునని తరువాత నిండు సభలో తానే ప్రకటించెను. తన్ను కొలుచుటకు కొలబద్దను ప్రజల చేతికి తానే యిచ్చిన పాలకుడతడు.

భక్తులారా! రాజ్యము శ్రీమన్నారాయణునిది, పాలకుడు దానికి కాపరి మాత్రమే. కాపరిని లెక్క అడుగుట స్వామికి చేయు సేవయే. ఓటు వేసి పట్టము గట్టిన చేతులు తప్పు కనబడినప్పుడు ముడుచుకొని యుండరాదు. దైవమునకు చేయవలసిన స్తోత్రమును నాయకునకు చేయరాదు. ద్వేషము లేని మనస్సుతో, భయము లేని వాక్కుతో, చట్టము చూపిన మార్గమున ప్రశ్నించువాడు వేనుని కాలపు మహర్షుల ధర్మమునే ఆచరించినవాడగును.