గుట్టకు పోయే అల్లునికి మామ మాట

అల్లుడా, మీ పదో తరగతి దోస్తులంతా కలిసి వంజంగి పోయి, మబ్బుల మీద డేరా వేసుకొని పండుకుంటరని మీ అమ్మ చెప్పింది. సంబరంగనే ఉంది. కానీ వంజంగి ఉన్నది పాడేరు పక్కన. మన దేవరయాంజాల్ నుంచి ఆరు వందల కిలోమీటర్లు దాటుతది. శుక్రవారం డ్యూటీ దిగి బయల్దేరితే ఘాటు ఎక్కేసరికి తెల్లారుతది. శనివారం రాత్రి చలికి సగం నిద్ర, ఆదివారం మళ్ల అంత దూరం. ఇందుల మీరు నిమ్మలంగ కూసొని మాట్లాడుకునేది ఎంతసేపు? లారీ నడిపి బతికినోణ్ణి కాబట్టి చెప్తున్న, నిద్ర ఆపుకొని నడిపేటోడు తాగి నడిపేటోనికి తక్కువేం కాదు. రాత్రి రెండు దాటినంక కండ్లు తెరిచే ఉంటయి, సోయి ఉండదు.

దాని బదులు వికారాబాద్ అనంతగిరి పోండ్రి. కండ్లకోయ కాడ ఔటర్ రింగురోడ్డు ఎక్కి అప్పా జంక్షన్ల దిగితే మొయినాబాద్, చేవెళ్ల, మన్నెగూడ, వికారాబాద్. వంద కిలోమీటర్లు దాటి ఇంకింత, అంతే. అయితే చేవెళ్ల తోవల తొందర పడొద్దు. రెండు దిక్కుల పెద్ద మర్రిచెట్లు, నడుమ ఇరుకు రోడ్డు, ఎదురుంగ కంకర టిప్పర్లు. 2025 నవంబరుల మీర్జాగూడ కాడ టిప్పరు వచ్చి ఆర్టీసీ బస్సును గుద్దితే ఎంతమంది పోయిన్రో పేపర్ల చూసినవు కదా. పొద్దుండంగనే చేరుకోండ్రి.

అవి చిన్న గుట్టలే కదా మామా అంటవు. 1908ల పట్నాన్ని ముంచిన మూసీ పుట్టేది ఆ చిన్న గుట్టల్లనే. మీరు ఔటర్ మీద గండిపేటను దాటుకుంట పోతరు చూడు, ఆ చెరువుకు నీళ్లొచ్చే తావుకే పోతున్నరు. గాలి మంచిదని వెనుకట టీబీ దవాఖాన కట్టింది గూడ అక్కణ్ణే. అనంత పద్మనాభస్వామి గుడి ఉంది, గుడి దగ్గర్ల డబ్బా పాటలు బంద్ పెట్టండ్రి.

అది సర్కారు అడివి. యాడ పడితే ఆడ గుడారం వేస్తే ఫారెస్టోళ్లు లేపుతరు, లేపాలె గూడ. చుట్టుపక్కల పైసలు తీసుకొని జాగ ఇచ్చేటోళ్లు ఉన్నరు, ముందే మాట్లాడుకో. ఎండాకు మీద మంట పెట్టొద్దు. పండుకునే ముందు నీళ్లు పోసి, బూడిదల చెయ్యి పెట్టి చూడు. సల్లగుంటేనే ఆరినట్టు. చలి అని బొగ్గుల కుంపటి గుడారం లోపలికి అస్సలు తేవద్దు. ఆ గాలికి వాసన రాదు, నిద్రల ఉన్నోడు నిద్రలనే పోతడు. కట్లపాము గూడ గసొంటిదే. నేల మీద పండుకున్నోన్ని కరుస్తది, నొప్పి గూడ సరిగ తెల్వదు. గుడారం జిప్పు మూసి ఉంచు, బూట్లు దులిపి తొడుగు. ఎవనికన్న అనుమానం వస్తే కోసుడు, కట్టుడు, మంత్రం ఏమొద్దు, 108కు ఫోన్ కొట్టి దవాఖానకు ఉరుకుండ్రి. మందు తాగితే చలి పోతదనేది వట్టి మాట, ఒంట్ల వేడి ఇంకింత బయటికి పోతది. నలభై దాటిన్రు, షుగర్ గోలీలు, బీపీ గోలీలు ఎవరివి వాళ్ల జేబుల ఉండాలె.

ఇవన్ని జర జాగ్రత్త పడితే అయిపోయే పనులు. నాకు బుగులు వేరే ఉంది. ఔటర్ వచ్చినంక మన దిక్కు భూముల లెక్కనే మారిపోయింది. మీరంతా ఒక్క బెంచీల కూసున్నోళ్లే. ఇయ్యాల మీ బ్యాచుల ఎకరం అమ్మి పెద్ద కారు కొన్నోడు ఉన్నడు. రేటు రాకముందే తండ్రి అమ్ముకుంటే, అదే జాగల లేచిన గోదాముల లోడింగ్ లెక్కలు రాసుకునేటోడు ఉన్నడు. అమెరికా నుంచి పదిహేను రోజుల సెలవు మీద వచ్చేటోడు ఉన్నడు. మంట కాడ కూసున్నంక ఎవడో ఒకడు గజం ఎంత నడుస్తుందని అడుగుతడు. ఆ ముచ్చట మొదలైందంటే ఆ రాత్రి ఇగ భూములే. గోదాముల పనిచేసేటోడు ఫోన్ చూసుకుంట కూసుంటడు, అందరికన్న ముందు పండుకుంటడు. గజం మాట వచ్చిందంటే నువ్వు లేచి చాయ్ పెట్టు, లెక్కల సారు బెత్తం ముచ్చట తియ్యి. అమెరికా పిలగాడు గూడ వాపస్ పోవుడా, ఉండుడా అని సతమతమైతున్నడని విన్న. అడగకు. వాడే చెప్తే విను.

పైసల కాడ గూడ గంతే. తలా ఇంత అని గ్రూపుల పెట్టకు. పెట్టినంక ఒకనికి ‘పని పడ్డది, నేను రాను’ అని రాయక తప్పదు. డీజిల్ నువ్వు పోయించు. బియ్యం, కూరగాయలు గోదాముల పనిచేసేటోణ్ని తెమ్మను, వంటకు వాణ్నే పెద్ద చెయ్యి. చిన్నప్పటి సంది వాని చెయ్యి మంచిది.

మీ అత్త జొన్నరొట్టెలు, పుంటికూర తొక్కు కట్టిస్తనంటుంది. శనివారం ఇటు నుంచే పో. స్టెపినీల గాలి నేను చూస్త.