తోట అమ్మకపోతే పాపమా?

ఆదివారం పూజ ముగిశాక ఒక తల్లి గుడి మెట్ల దగ్గర ఆగి అడిగింది: "తోట అమ్మి మావాడికి ఆ మిషను పెట్టించకపోతే పాపమాండి ఫాదరుగారూ?" అమలాపురం దగ్గర అరెకరం కొబ్బరి తోటే వారి జీవనాధారం. కుర్రాడికి మూర్ఛ. మూడు రకాల మందులు మార్చినా ఆగలేదు. మూర్ఛ ఉన్నవారిలో సుమారు మూడోవంతు మంది పరిస్థితి ఇంతే.

ఆమె చెప్పిన మిషను సంగతి ఇదీ. మెదడు నుంచి మెడ మీదుగా గుండెకూ పొట్టకూ దిగే వేగస్ అనే నరం ఉంది. ఎడమ రొమ్ముపై భాగంలో చర్మం కింద చిన్న బ్యాటరీ పెట్టె అమర్చి, దాని తీగను మెడలో ఆ నరానికి చుడతారు. సాధారణంగా అయిదేసి నిమిషాలకు 30 సెకన్లపాటు సన్నని విద్యుత్తు పంపుతుంది. మనిషికి మొదట అమర్చింది 1988లో, అమెరికాలో. 1997లో 12 ఏళ్లు దాటినవారికీ, 2017లో 4 ఏళ్ల పిల్లలకూ అక్కడ అనుమతి వచ్చింది. మూర్ఛ పూర్తిగా పోయేది కొద్దిమందికే. సుమారు సగంమందికి సగానికి తగ్గుతుంది. గొంతు బొంగురుపోవచ్చు. మందులు మానకూడదు. కొన్నేళ్లకు బ్యాటరీ మార్చాలి. ఖర్చు లక్షల్లో మాట. అందుకే మెదడు ఆపరేషనుకు వీలుందేమో డాక్టర్లు ముందు చూస్తారు. త్రివేండ్రం శ్రీచిత్రలో 1995 నుంచి ఆ ఆపరేషన్లు జరుగుతున్నాయి.

ఇక పాపం మాట. ప్రాణం కాపాడుకోవడానికి సాధారణ మార్గాలు వాడటం మన విధి గాని, తనకూ ఇతరులకూ మోయలేని భారమయ్యేవి విధి కావని 1957లో పోపు 12వ పయస్ గారు మత్తు డాక్టర్లతో అన్నారు. కుటుంబం మీద పడే ఖర్చును కూడా లెక్కలోకి తీసుకోవచ్చని 1980 నాటి వాటికన్ ప్రకటన చెప్పింది. కనుక పాపం లేదమ్మా అన్నాను. ఆమె ముఖం తేలికపడలేదు.

ఆ రాత్రి నాకే తృప్తి లేకపోయింది. మోయలేని భారం అన్నాం సరే, ఎవరు మోయలేనిది? ఆ ఒక్క ఇల్లు మోయలేనిది. విచారణంతా కలిస్తే? గుడి పండుగకు మందుగుండు సామానుకూ మైకుసెట్టుకూ చందాలు బాగానే పోగవుతాయి. వసూలు చేసినవారిలో నేనూ ఉన్నాను. ఒక ఇంటికి అసాధారణమైనది పదిళ్లకు సాధారణం కావచ్చు. అప్పుడు ఆమె ప్రశ్న ఆమెది కాదు, మనది.

డబ్బు అక్కరలేనివీ ఉన్నాయి. మార్కు సువార్త 9వ అధ్యాయంలో తండ్రి తెచ్చిన బిడ్డ నిప్పులోనూ నీళ్లలోనూ పడుతూండేవాడు. ప్రభువు ఆ తండ్రిని, ఇది ఎంతకాలంగా ఉంది అని అడిగారు. ఏ డాక్టరైనా మొదట అడిగేది అదే! మన కోనసీమలో నీళ్లంటే గుమ్మం ముందు కాలవే. ఆ కుర్రాడు కాలవ గట్టున ఒంటరిగా నడవకుండా ఒకరు తోడు వెళ్లడానికి ఏ తోటా అమ్మనక్కరలేదు. వాడు పడిపోతే చేతిలో తాళంచెవులు పెట్టకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టడానికీ అంతే.

మూర్ఛ ఉన్నవారు గురువులు కాకూడదని 1917 నాటి శ్రీసభ చట్టంలోనే ఉండేది. 1983 చట్టంలో ఆ మాట తీసేశారు. మన ఇళ్లలో ఇంకా తీయలేదు. మొన్న తొలి దివ్యసత్ప్రసాదం పట్టీ చూస్తే ఆ కుర్రాడి పేరు లేదు. పూజలో పడిపోతే అందరూ చూస్తారని ఇంట్లోవాళ్లే రాయించలేదట. ఎందుకు లేదని నేనూ అంతవరకు అడగలేదు.