ప్రేమ లేని మ్రోత

ధ్యాన భాగములు: 1 కొరింథీ. 13:1; మత్తయి 5:23, 24

ఇంగ్లీషులో ‘టింకిల్’ అను మాట యొకటి కలదు. చిన్న గంట మ్రోగునప్పుడు చెవికి వినబడు ధ్వనియే అక్కడ మాట యైనది. మన గలగల, గణగణ వంటిదే అదియు. 1611లో అచ్చయిన ఇంగ్లీషు బైబిలులో పౌలు చెప్పిన తాళమునకు ఈ మాటనే వాడిరి. 1881లో సవరించిన క్రొత్త నిబంధనలో దానిని తీసి ‘క్లాంగ్’ అను మాటను తెచ్చిరి. అది కంచు మీద కంచు పడిన పెద్ద మ్రోత. మొదటిది చెవికి ఇంపు. రెండవది చెవులు గింగురుమనిపించును.

పౌలు వ్రాసిన గ్రీకు మాట పెద్ద కేకకు సంబంధించినది. యాయీరు ఇంట గొల్లున ఏడ్చినవారిని గూర్చి మార్కు 5:38లో ఉన్నదియు ఆ మాటయే. బాలిక నిద్రించుచున్నదని యేసు చెప్పగానే ఆ ఏడ్పు పరిహాసమైపోయెను. గొంతులో నున్న దుఃఖము గుండెలో లేదు.

అయినను ఇంగ్లీషువారి పాత మాటయు మనకొక హెచ్చరికయే. ప్రేమ లేని పలుకు ఎల్లప్పుడును కఠినముగా నుండదు, తియ్యగాను ఉండవచ్చును. గుడి గుమ్మము వద్ద నవ్వుచు ‘వందనములండి’ అని, లోపల పొలము గట్టు తగవును పెంచుకొనువారము మనలో లేమా?

అట్లయిన ధ్వనియే పాపమా? కాదు. 150వ కీర్తన తాళములతో దేవుని స్తుతింపుమనుచున్నది. ప్రధాన యాజకుని అంగీ అంచున బంగారు గంటలుండవలెనని దేవుడే నియమించెను (నిర్గమ. 28:33–35). మేతకు పోయిన ఆవు మెడలోని గంటను తలంచుడి. ఆ మ్రోత వెంబడి పోయినవానికి ఆవు దొరకును. గంట మాత్రమే దొరికిన యెడల బిడ్డలకు పాలెక్కడివి?

‘మనస్సు బాగుగా లేనప్పుడు గుడికి వచ్చుట వేషధారణ గదా! మానుటయే మేలు’ అని కొందరందురు. ప్రభువు మానుమనలేదు. అర్పణమును అక్కడనే ఉంచి, ముందు సహోదరునితో సమాధానపడి, మరల వచ్చి అర్పింపుమనెను. పొమ్మన్నవాడే రమ్మనియు అన్నాడు. పగతో పాడుటకును పాట మానుటకును నడుమ ఈ మూడవ త్రోవ యున్నది. అది పొరుగువాని వాకిటి మీదుగా పోవును.

ప్రియులారా, వచ్చు ఆదివారము తాళములు చేత పట్టకమునుపే ఆ వాకిట నిలుతము. మొదటి మాట మనమే పలుకుదము. అందుకు కావలసిన తగ్గింపును ప్రభువు మనకు దయచేయును గాక. ఆమేన్.